డ్యుయేన్ ఆల్‌మన్: అన్నదమ్ముల వాద్యబృందానికి పెద్దన్న

ఇంటికి పెద్దదిక్కు అయినవాడు హఠాత్తుగా కన్నుమూసినప్పుడు ఆ ఇల్లు నిలుస్తుందా, కూలుతుందా అన్న ప్రశ్న ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మన దేశంలో సంగీతాన్ని కులవిద్యగా, ఖాన్‌దానీ సొత్తుగా కాపాడుకొంటూ వచ్చిన ఘరానాలలో ఉస్తాద్ గతించిన పిదప కుమారుడో, మేనల్లుడో, ప్రియశిష్యుడో ఆ గద్దెను అధిష్ఠించడం ఆనవాయితీ. అట్టి సంప్రదాయం ఏదీ లేని అమెరికా దేశపు నవీన సంగీతంలో, 1971వ సంవత్సరంలో, ఒక అన్నదమ్ముల వాద్యబృందానికి ఇదే సమస్య వచ్చింది. పెద్దన్న మరణించాడు. అతని వయస్సు అప్పటికి ఇరవై నాలుగు సంవత్సరాలు మాత్రమే. మిగిలినవారు అతని స్థానంలో మరొక గిటారు వాద్యకుని తీసుకోలేదు; బృందాన్ని రద్దు చేయనూ లేదు. వారేమి చేశారో తెలుసుకోవాలంటే ముందు ఆ పెద్దన్న ఎవరో, ఎట్లా జీవించాడో తెలుసుకోవాలి. అతని పేరు డ్యుయేన్ ఆల్‌మన్.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి అమెరికా గిటారుతో పని ఏమిటని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. నన్ను ఈ యువకుని వద్దకు చేర్చినది లైలా. ఆ సంగతి ముందు ముందు మనవి చేస్తాను.

బాల్యం

హోవర్డ్ డ్యుయేన్ ఆల్‌మన్ 1946 నవంబరు 20వ తేదీన టెన్నెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో జన్మించాడు. అతని తమ్ముడు గ్రెగ్ ఆ మరుసటి సంవత్సరం డిసెంబరు 8న పుట్టాడు. తండ్రి విల్లిస్ సైన్యంలో అధికారి. రెండవ ప్రపంచయుద్ధంలో శత్రువుల గుండ్ల నుండి తప్పించుకొని వచ్చిన ఆ సైనికుడు 1949 డిసెంబరు 26న, క్రిస్మస్ పండుగ మరునాడు, దారిలో కారెక్కించుకొన్న ఒక అపరిచితుని చేతిలో హతుడయ్యాడు. డ్యుయేన్‌కు అప్పటికి మూడేండ్లు, గ్రెగ్‌కు రెండేండ్లు. తల్లి జెరాల్డీన్ మళ్ళీ వివాహం చేసుకోలేదు. పిల్లలను పోషించుకోవడానికి గణకశాస్త్రం చదివి ఉద్యోగం చేయదలచి, ఆ చదువు పూర్తయ్యే వరకు కొడుకులిద్దరినీ ఒక సైనిక పాఠశాల వసతిగృహంలో చేర్చింది. తల్లి తమను వదిలించుకొన్నదని ఆ పసివాళ్ళు అప్పట్లో అపార్థం చేసుకొన్నారు. తమ భవిష్యత్తు కొరకే ఆమె ఆ ఎడబాటును సహించిందని గ్రెగ్ పెద్దవాడైన తరువాత గ్రహించి, తన జీవితకథలో ఆమెకు కృతజ్ఞత తెలుపుకొన్నాడు. తండ్రి లేని ఆ ఇంట్లో తమ్ముని పాలిట తండ్రి స్థానం అన్నదే అయింది.

కొన్నేండ్లకు ఆ కుటుంబం ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనా బీచ్‌కు తరలిపోయింది. వేసవి సెలవులకు పిల్లలు నాష్‌విల్‌లోని నాయనమ్మ ఇంటికి వచ్చేవారు. అక్కడే, బాల్యం ఇంకా దాటని ఆ అన్నదమ్ములు నల్లజాతి గాయకుల కచేరీ ఒకటి చూశారు. అందులో బి.బి. కింగ్ గిటారు వాయించాడు. ఆ రాత్రి డ్యుయేన్ తన జీవితమార్గాన్ని నిర్ణయించుకొన్నాడని చెప్పవచ్చు.

బ్లూస్ అనగా నేమి?

వారు విన్న ఆ సంగీతానికి బ్లూస్ అని పేరు. బానిసలుగా అమెరికాకు తేబడిన ఆఫ్రికా ప్రజల సంతతివారు, మిసిసిపీ వంటి దక్షిణ రాష్ట్రాల ప్రత్తి చేలలో, తమ కష్టాలను చెప్పుకొంటూ పాడుకొన్న పాటలనుండి అది పుట్టింది. దాని చట్రం చాలా చిన్నది. సాధారణంగా పన్నెండు తాళఖండాలలో ఒక చరణం ముగుస్తుంది. మొదటి పంక్తిని రెండుమార్లు పాడి, మూడవ పంక్తిలో దానికి సమాధానం చెబుతారు. గాంధార, నిషాదాల వంటి స్వరాలను వాటి స్థానం నుండి కొద్దిగా దించి, ఊపి, వంచి పలికించడంలో ఆ సంగీతపు ఆర్తి అంతా ఉన్నది. గమకం విలువ తెలిసిన మన శ్రోతలకు ఇది వివరించనక్కరలేదు.

శ్వేతజాతీయులకూ నల్లవారికీ బడులు, హోటళ్ళు, బస్సులలో కూర్చొనే చోట్లు వేరువేరుగా ఉన్న ఆ రోజులలో, ఒక తెల్లపిల్లవాడు నల్లవారి పాటకు శిష్యుడు కావడం చిన్న విషయం కాదు. రేడియో తరంగాలకు మాత్రం వర్ణభేదం లేదు గనుక, రాత్రివేళల్లో ఆ పాటలు అతని గదిలోకి వచ్చేవి.

ఇంట్లో మొదట గిటారు కొన్నవాడు తమ్ముడు. ఇంటింటికీ దినపత్రికలు వేసి కూడబెట్టిన డబ్బుతో గ్రెగ్ ఒక చవక గిటారు కొన్నాడు. అన్నకు మోటారు సైకిలు మీద మోజు. అయితే అతడు ఆ సైకిలును ఎక్కడో గుద్ది పాడుచేసి, మిగిలిన భాగాలను మారుబేరం వేసి తానూ ఒక గిటారు తెచ్చుకొన్నాడు. అంతకు ముందు తమ్ముని గిటారు కోసం ఇద్దరూ కొట్లాడుకొనేవారు. అన్నకు తొలిపాఠాలు చెప్పినవాడు తమ్ముడే. అయినా కొద్దికాలంలోనే అన్న తమ్ముణ్ణి మించిపోయాడు. డ్యుయేన్ బడి మానేసి, రోజంతా గ్రామఫోను పక్కన కూర్చొని, రికార్డు మీది ముల్లును మళ్ళీ మళ్ళీ వెనక్కి పెట్టి, ఒక్కొక్క స్వరపంక్తిని తన వ్రేళ్ళకు పట్టుబడేదాకా సాధన చేసేవాడు. బడి మానడం అనుకరణీయం కాదు. ఆ సాధన మాత్రం అనుకరణీయం.

ఓటమి, మందుసీసా

అన్నదమ్ములిద్దరూ 1960ల మధ్యకాలంలో చిన్న చిన్న బృందాలు కట్టి దక్షిణ రాష్ట్రాలలో ఊరూరా తిరిగారు. 1967లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక రికార్డుల కంపెనీ వారిని పిలిచి, అవర్ గ్లాస్ అన్న పేరుతో రెండు రికార్డులు తయారు చేయించింది. కంపెనీ వారికి కావలసినవి సులభంగా అమ్ముడుపోయే పాటలు. డ్యుయేన్‌కు కావలసినది బ్లూస్. ఆ రికార్డులు అమ్ముడుపోలేదు. డ్యుయేన్ కోపించి ఇంటిదారి పట్టాడు. కంపెనీతో చేసుకొన్న ఒప్పందం కారణంగా గ్రెగ్ అక్కడే ఉండిపోవలసి వచ్చింది. జీవితంలో మొదటిసారి అన్నదమ్ములు విడిపోయారు.

ఆ ఓటమి రోజులలోనే ఒక చిన్న సంఘటన జరిగింది. గ్రెగ్ తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం, డ్యుయేన్ గుర్రం మీదనుండి పడి మోచేతికి దెబ్బ తగిలించుకొని, అందుకు తమ్ముణ్ణే నిందించి అతనితో మాటలు మానేశాడు. అన్న పుట్టినరోజు వచ్చింది. తమ్ముడు ఒక కొత్త గ్రామఫోను రికార్డు, జలుబు మాత్రల సీసా ఒకటి గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయాడు. ఆ రికార్డు తాజ్ మహల్ అన్న పేరు పెట్టుకొన్న నల్లజాతి గాయకునిది. అందులో జెస్సీ ఎడ్ డేవిస్ అనే వాద్యకుడు గిటారును జారుడు పద్ధతిలో వాయించాడు. కొద్దిసేపటికే డ్యుయేన్ తమ్మునికి కబురుపెట్టి రప్పించాడు. మాత్రలన్నీ బల్లమీద కుమ్మరించి, సీసా మీది కాగితాన్ని నీళ్ళతో కడిగివేసి, దానిని ఉంగరపు వ్రేలికి తొడుక్కొని ఆ పాటను వాయించి చూపాడు.

ఈ జారుడు పద్ధతి మనకు కొత్త కాదు. గోటువాద్యం మీద కొయ్యముక్కను, విచిత్రవీణ మీద గాజుగుండును తీగల వెంట జరుపుతూ మన విద్వాంసులు కంఠస్వరంతో సమానమైన నాదాన్ని పుట్టిస్తారు. మెట్లను నొక్కినప్పుడు స్వరాలు మెట్లవలెనే విడివిడిగా ఉంటాయి. గాజును జార్చినప్పుడు రెండు స్వరాల నడుమ ఉన్న దారి అంతా వినపడుతుంది. మొదట్లో డ్యుయేన్ వాదనం పిల్లి అరుపువలె ఉండేదని తోటివారు పరిహసించేవారు. అతడు లెక్కచేయలేదు. కొన్ని నెలలలోనే ఆ మందుసీసా అమెరికా సంగీత చరిత్రలో ఒక వాద్యపరికరమై కూర్చున్నది.

మజిల్ షోల్స్ నుండి మేకన్ వరకు

అలబామా రాష్ట్రంలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊరిలో రిక్ హాల్ నడిపిన ఫేమ్ స్టూడియో ఉన్నది. నల్లజాతి గాయకులు, శ్వేతజాతి వాద్యకులు కలిసి పనిచేసిన అరుదైన చోట్లలో అదొకటి. 1968లో డ్యుయేన్ అక్కడికి వెళ్ళి పని అడిగి చేరాడు. నవంబరులో విల్సన్ పికెట్ అనే నల్లజాతి గాయకుని రికార్డింగు జరుగుతున్నది. మధ్యాహ్నం అందరూ భోజనానికి బయటికి వెళ్ళారు. ఒక నల్లవాడు, జుట్టు పెంచిన ఒక తెల్లవాడు కలిసి ఆ ఊరి హోటలుకు పోతే జరిగే రభస ఏమిటో తెలిసిన పికెట్, డ్యుయేన్ ఇద్దరూ స్టూడియోలోనే ఉండిపోయారు. బీటిల్స్ బృందం వారి హే జూడ్ పాటను మీ ధోరణిలో పాడవచ్చునని డ్యుయేన్ ఆ ఏకాంతంలో పికెట్‌కు సలహా ఇచ్చాడు. అందరి ఆదరణనూ పొందుతున్న పాటను మళ్ళీ పాడడమేమిటని మొదట సంశయించినా, చివరకు పాడారు. పాట చివర పికెట్ గొంతుతో పోటీపడిన గిటారు విని, ఇంగ్లండులోని ఎరిక్ క్లాప్టన్ వంటి ప్రసిద్ధుడు సైతం ఆ వాద్యకుడెవరని ఆరా తీశాడు. ఆ తరువాత అరీతా ఫ్రాంక్లిన్, క్లారెన్స్ కార్టర్, కింగ్ కర్టిస్ మొదలైనవారి పాటలకు కూడా డ్యుయేన్ గిటారు తోడైనది.

కూలికి వాయించే జీవితం అతనికి తృప్తి ఇవ్వలేదు. గాయకుడు ఓటిస్ రెడింగ్‌కు మేనేజరుగా పనిచేసిన ఫిల్ వాల్డెన్ ఆర్థికసహాయంతో అతడు స్వంత బృందాన్ని కూర్చాడు. మిసిసిపీకి చెందిన నల్లజాతి డ్రమ్ము వాద్యకుడు జైమో మొదట చేరాడు. బాస్ గిటారుకు బెర్రీ ఓక్లీ, రెండవ గిటారుకు డికీ బెట్స్, రెండవ డ్రమ్ములకు బుచ్ ట్రక్స్ చేరారు. 1969 మార్చి నెలలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఈ ఐదుగురూ కలిసి గంటల తరబడి వాయించారు. అది ముగిసిన తరువాత డ్యుయేన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఈ బృందంలో చేరనివాడు తనతో పోట్లాడి బయటికి పోవలసిందేనని అన్నాడట. పాడేవాడు మాత్రం కొరవడ్డాడు. డ్యుయేన్ లాస్ ఏంజిలెస్‌కు ఫోను చేసి తమ్ముణ్ణి రప్పించాడు. మార్చి 26న గ్రెగ్ వచ్చాడు. ఆల్‌మన్ సోదరుల బృందం పూర్తయినది. రక్తబంధువులు ఇద్దరే అయినా, ఆరుగురూ సోదరులుగానే మెలిగారు.

వారు జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో కాపురం పెట్టారు. తెల్లవారు, నల్లవాడు ఒకే ఇంట్లో ఉండడం, ఒకే బండిలో తిరగడం ఆ ప్రాంతంలో పలువురి కంటికి నలుసయింది. చేతిలో డబ్బులు లేవు. లూయిజ్ హడ్సన్ అనే నల్లజాతి స్త్రీ భాగస్వామిగా నడిపే చిన్న హోటలులో, రెండు మూడు పళ్ళాల అన్నం కొని అందరూ పంచుకొనబోయేవారు. ఆమె ఆ పిల్లల ఆకలి చూసి ప్రతివానికీ నిండుపళ్ళెం పెట్టింది. తరువాత సిరి వచ్చినప్పుడు వారు ఆ తల్లిని మరువలేదు. తమ యాత్రలలో వెంట తీసుకొనిపోయారు.

వారి మొదటి రికార్డు 1969 నవంబరులోను, రెండవది ఐడిల్‌వైల్డ్ సౌత్ అన్న పేరుతో 1970 సెప్టెంబరులోను వెలువడ్డాయి. అమ్మకాలు ఘనంగా లేవు. అయినా వారు ఏడాది పొడుగునా ఊరూరా వాయిస్తూ శ్రోతలను ఒక్కరొక్కరుగా సంపాదించుకొన్నారు.

లైలా

ఇప్పుడు లైలా సంగతి. పారశీక మహాకవి నిజామీ గంజవీ పన్నెండవ శతాబ్దిలో రచించిన లైలా మజ్నూ కావ్యం మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితం. 1949లో భానుమతి, అక్కినేని నాగేశ్వరరావు నటించిన లైలా మజ్ను చిత్రం ద్వారా తెలుగువారందరికీ ఆ కథ తెలుసు. 1970లో ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ తనకు దక్కని ప్రేమతో వేగిపోతున్న సమయంలో ఒక మిత్రుడు ఆ కావ్యానువాదాన్ని అతని చేతిలో పెట్టాడు. ఖైస్ వేదనలో క్లాప్టన్ తన వేదనను చూసుకొని లైలా అన్న పాట రచించాడు. ఆ రికార్డులోని మరొక పాటకు కర్తలుగా క్లాప్టన్ పేరుతో పాటు నిజామీ పేరు కూడా అచ్చయినది. ఎనిమిది వందల యేండ్ల నాటి గంజా నగరపు కవి అమెరికాలో తయారైన గ్రామఫోను రికార్డు మీదికి ఎక్కడం చిత్రం కాదా!

ఆ రికార్డును ఫ్లోరిడాలోని మయామీలో తయారు చేస్తుండగా, 1970 ఆగస్టు 26న ఆల్‌మన్ సోదరుల కచేరీ అదే నగరంలో జరిగింది. క్లాప్టన్ వచ్చి వేదిక ముందు కూర్చున్నాడు. వాయిస్తూ కళ్ళు తెరిచిన డ్యుయేన్ ఎదురుగా అతణ్ణి చూసి ఒక్క క్షణం చేతులాడక నిలిచిపోయాడట. ఆ రాత్రే ఇద్దరూ స్టూడియోకు వెళ్ళారు. రికార్డులోని పదునాలుగు పాటలలో పదకొండింటికి డ్యుయేన్ గిటారు తోడయింది. లైలా పాట చివరిభాగంలో, పియానో పైన, మనుష్యకంఠం అందుకోలేని ఎత్తులో ఏడ్చే ఆ నాదం డ్యుయేన్ వ్రేలికున్న మందుసీసాదే. మజ్నూ ఎడారిలో పెట్టిన కేకను నేను సినిమాలలో విన్నాను, ముషాయిరాలలో విన్నాను. మాటలేవీ లేకుండా విన్నది మాత్రం ఇక్కడనే.

తన బృందంలో స్థిరంగా ఉండిపొమ్మని క్లాప్టన్ కోరాడు. కీర్తీ ధనమూ అటువైపున ఉన్నవి. అప్పులూ పాత బండీ ఇటువైపున. డ్యుయేన్ తమ్ముని వద్దకు, సోదరుల వద్దకు తిరిగి వచ్చాడు.

శిఖరం, పతనం

1971 మార్చి నెలలో న్యూయార్కులోని ఫిల్మోర్ ఈస్ట్ నాటకశాలలో జరిగిన వారి కచేరీలను టామ్ డౌడ్ పర్యవేక్షణలో రికార్డు చేశారు. జూలైలో వెలువడిన ఆ రెండు పళ్ళాల రికార్డులో ఉన్నవి ఏడు పాటలే. ఒక పాట పందొమ్మిది నిమిషాలు, మరొకటి ఇరవై మూడు నిమిషాలు. పల్లవి పట్టుకొని విద్వాంసుడు మనోధర్మంతో విస్తరించినట్లు, వారు చిన్న బ్లూస్ పాటను పట్టుకొని గంటలో మూడవవంతు నడిపించేవారు. జాన్ కాల్ట్రేన్, మైల్స్ డేవిస్ వంటి జాజ్ విద్వాంసుల రికార్డులను జైమో వారికి వినిపించగా, ఒకే స్వరసమూహం మీద నిలిచి విస్తరించే ఆ పద్ధతిని వారు నేర్చుకొన్నారు. 2004లో అమెరికా జాతీయ గ్రంథాలయం ఆ రికార్డును భద్రపరచదగిన వానిలో చేర్చింది.

కాని విజయంతో పాటు విషం కూడా ఇంట్లో ప్రవేశించింది. బృందంలో పలువురు హెరాయిన్ మత్తుకు అలవాటుపడ్డారు. డ్యుయేన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. దాచిపెట్టి పొగడడం జీవితచరిత్ర రాసేవాని ధర్మం కాదు కనుక ఈ మాట చెబుతున్నాను. 1971 అక్టోబరులో అతడూ, మరికొందరూ చికిత్సకై బఫెలో నగరంలోని ఆసుపత్రిలో చేరారు. చికిత్స ముగించుకొని మేకన్‌కు వచ్చిన కొద్ది రోజులకే, అక్టోబరు 29న, ఓక్లీ ఇంట జరిగే పుట్టినరోజు వేడుకకు శుభాకాంక్షలు చెప్పి మోటారు సైకిలు మీద బయలుదేరాడు. దారిలో ఒక లారీ అడ్డం వచ్చింది. తప్పించబోయి సైకిలు మీదనుండి పడి, దానికిందనే నలిగి, కొన్ని గంటలలో ఆసుపత్రిలో మరణించాడు. ఫిల్మోర్ రికార్డుకు అమ్మకాల బంగారు పతకం వచ్చి అప్పటికి నాలుగు రోజులు మాత్రమే అయినది.

ఖాళీ స్థానం

అంత్యక్రియలలో శవపేటిక ముందు మిగిలిన ఐదుగురూ వాద్యాలు వాయించారు. ఇక ఏమి చేయాలి? మరొక గిటారు వాద్యకుణ్ణి తేవడం సులభం. అర్థించి వచ్చేవారు ఎందరో ఉన్నారు. ఇంటికి పోయి ఏడవడం అంతకంటె సులభం. వారు రెండూ చేయలేదు. నవంబరు ముగియకముందే ఐదుగురుగానే వేదిక ఎక్కారు. డిసెంబరులో మయామీకి వెళ్ళి అసంపూర్తిగా ఉన్న రికార్డును పూర్తిచేశారు.

1972 ఫిబ్రవరిలో ఈట్ ఎ పీచ్ అన్న పేరుతో అది వెలువడింది. డ్యుయేన్ ఒక పత్రికా సంభాషణలో చెప్పిన మాటనుండి ఆ పేరు వచ్చింది. అతణ్ణి గుద్దినది పీచ్ పండ్ల లారీ అనీ, అందుకే ఆ పేరు పెట్టారనీ పుట్టిన కథ సత్యం కాదు. ఆ రికార్డు అమరికను గమనించండి. మొదటి మూడు పాటలు అన్న లేకుండా వాయించినవి. కాలాన్ని ఇక వృథా చేయనన్న భావంతో గ్రెగ్ పాడిన పాట అందులో మొదటిది. ఆ పాటలో జారుడు గిటారు ఎవరు వాయించాలి? అంతవరకు ఆ పని డ్యుయేన్‌ది. డికీ బెట్స్ దుఃఖాన్ని దిగమింగి ఆ విద్యను సాధన చేసి వాయించాడు. మూడవది మెలిస్సా, తమ్ముడు ఎప్పుడో రాసుకొనగా అన్నకు ఎంతో ఇష్టమైన పాట. ఆ తరువాత అన్న సజీవంగా వాయించిన పాటలు వస్తాయి. బ్లూ స్కై అన్న పాటలో డ్యుయేన్, బెట్స్ సవాలు-జవాబు పద్ధతిలో ఒకరి స్వరాన్ని ఒకరు అందుకొంటారు. చిట్టచివర రెండు నిమిషాల లిటిల్ మార్తా. డ్యుయేన్ ఒక్కడే స్వయంగా కూర్చిన ఏకైక రచన. విద్యుత్తు లేని మామూలు గిటార్ల మీద అతడూ, బెట్స్ వాయించారు. శోకంతో ఆరంభమైన రికార్డు ఆ విధంగా వెళ్ళిపోయినవాని చిరునవ్వుతో ముగుస్తుంది.

విధి అంతటితో తృప్తి చెందలేదు. 1972 నవంబరు 11న బెర్రీ ఓక్లీ కూడా, డ్యుయేన్ పడిన చోటికి కొద్ది దూరంలోనే, మోటారు సైకిలు ప్రమాదంలో మరణించాడు. అతని వయస్సు కూడా ఇరవై నాలుగే. బాస్ గిటారుకు లామార్ విలియమ్స్ వచ్చాడు. పియానో వాద్యకుడు చక్ లెవెల్‌ను కూడా చేర్చుకొన్నారు. డ్యుయేన్ గిటారు స్థానాన్ని మాత్రం ఖాళీగానే ఉంచారు. 1973 ఆగస్టులో బ్రదర్స్ అండ్ సిస్టర్స్ రికార్డు వెలువడి అమెరికాలో ఐదు వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. అన్న కలగన్న విజయం అన్న లేనప్పుడు వచ్చింది. ఆ విజయాన్ని వారు భరించలేకపోయారన్నది కూడా నిజమే. మత్తుమందులు, కలహాలు, విడిపోవడాలు, మళ్ళీ కలవడాలు అనేక సంవత్సరాలు సాగాయి. పెద్దదిక్కు లేని ఇల్లు నిలబడగలదు. కాని నిలబడినంత మాత్రాన లోటు తీరదు.

1999లో బుచ్ ట్రక్స్ సోదరుని కొడుకు డెరెక్ ఆ బృందంలో చేరాడు. డ్యుయేన్ మరణించిన ఏడెనిమిదేండ్లకు పుట్టిన ఆ యువకుడు అతని రికార్డులు వింటూ జారుడు గిటారు నేర్చుకొన్నవాడు. గురుముఖం చూడకుండానే శిష్యుడైన ఏకలవ్యుని వంటివాడు. 2014 అక్టోబరు 28న న్యూయార్కులో జరిగిన ఆఖరి కచేరీ అర్ధరాత్రి దాటి 29వ తేదీలోనికి సాగింది. ఆ తేదీ ఏమిటో శ్రోతలందరికీ తెలుసు. 2017 మే 27న గ్రెగ్ కన్నుమూయగా, మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానవాటికలో అన్న సమాధికి సమీపాననే అతణ్ణి ఖననం చేశారు.

విద్యార్థి మిత్రులారా! డ్యుయేన్ ఆల్‌మన్ మన కళాశాలలో ఉండి ఉంటే, చివరి సంవత్సరం చదివి బయటికి వెళ్ళిన రెండు మూడేండ్ల వయస్సులోనే అతని జీవితం ముగిసినట్లు. ఆ కొద్దికాలంలో అతడు తనదికాని జాతి పాటకు వినయంతో శిష్యుడయ్యాడు. పారవేయదగిన సీసాను వాద్యంగా మార్చాడు. కీర్తి పిలిచినా తమ్ముణ్ణి విడువలేదు. మత్తుకు లొంగడం, వేగానికి లొంగడం అతని లోపాలు. వాటి మూల్యాన్ని అతడొక్కడే గాక, అతణ్ణి నమ్ముకొన్నవారంతా చెల్లించారు. మన ఇండ్లలోనూ ఖాళీ అయిన స్థానాలు ఉంటాయి. ఆ స్థానంలో వేరొకరిని కూర్చోబెట్టడం అన్ని వేళలా సాధ్యం కాదు, అవసరమూ కాదు. పోయినవాడు సగంలో వదిలిన పనిని, అతని పేరు చెరిపివేయకుండా పూర్తిచేయవచ్చు. ఆ ఐదుగురు సోదరులు 1971 డిసెంబరులో చేసినది అదే.